కాటా మీద ఒక్కరే

హాంకాక్, మిషిగన్
2024 నవంబరు 9, శనివారం

చిరంజీవి హెల్మికి నాయనమ్మ ఐలీ కోస్కెలా దీవించి రాయునది.

ఇక్కడ నేను కుశలం. మిల్వాకీలో నువ్వు కుశలమని మీ నాన్న ఓడ మీది నుంచి ఫోను చేసినప్పుడు చెప్పాడు. ఫిజియోథెరపీ క్లినిక్కులో పని దొరికిందనీ, అద్దె గదికి కిటికీ ఒకటే అయినా పొద్దున పూట ఎండ పడుతుందనీ కూడా చెప్పాడు. సంతోషం. ఎండ పడే కిటికీ ఒకటుంటే మనిషికి చాలు.

ఏప్రిల్‌లో వెళ్ళినదానివి. నేను ఫోను చేస్తే నువ్వు ఎత్తవు, ఎత్తమని నేను అడగను. ఉత్తరమైతే నీకు తోచినప్పుడు చదువుకోవచ్చు, తోచకపోతే మడిచి పెట్టవచ్చు. చించదలిస్తే మాత్రం ఒకసారి చదివి, తప్పులేమైనా ఉంటే దిద్ది, ఆ తర్వాత చించు.

ముందు కబుర్లు. మొదటి మంచు మంగళవారం పడింది. మొదటి మంచుకే బెర్నడీన్ తను నడిపే కౌంటీ మంచు తోసే బండితో మన ఉత్తరాల పెట్టెను గుద్ది పడేసింది. మర్నాడు తానే వచ్చి నిలబెట్టింది. ఇప్పుడది చర్చి వైపు కొంచెం వాలి ఉంది, భక్తి కుదిరినట్టు. మీ నాన్న ఓడ జనవరిలో రేవు చేరుతుంది గానీ, ఈసారి శీతాకాలమంతా అక్కడే మరమ్మతు పనిలో ఉండిపోతాడట. వంతెన అవతలి బేకరీ మూసేశారు. సౌనా ఆవిరి గది పొగగొట్టం నేనే శుభ్రం చేశాను.

ప్రతి శనివారం లాగే ఇవాళ కూడా సౌనా పొయ్యి వెలిగించి, అది వేడెక్కేలోగా షెడ్డులో మీ తాత బరువుల కడ్డీ ఎత్తాను. నేల మీది నుంచి యాభై కేజీలు, ఐదుసార్లు. నా సంగతి నీకు తెలుసు, ఆ యాభైకి ఒక కేజీ కలపను, ఒక కేజీ తీయను. కొత్త పట్టిక ప్రకారం నా మార్కులు 57.3. నువ్వు వెళ్ళేనాటికి 54.9 ఉండేవి. డెబ్బై మూడేళ్ళ మనిషికి ఇది తీసిపారేసే సంగతి కాదు.

ఇక అసలు విషయం. ఏప్రిల్‌లో బరువులెత్తే పోటీలో జరిగినదాని మీద నీ వైపు లెక్క నువ్వు ఊరి హాలులో అందరి ముందూ చెప్పావు. నా వైపు లెక్క ఎవరూ అడగలేదు. అడగని లెక్క చెప్పడం నాకు అలవాటు లేదు. అయినా ఇన్ని నెలలుగా ఈ ఇంట్లో వినేవాళ్ళు లేక అది నాలోనే తిరుగుతోంది. అందుకని రాస్తున్నాను.

పోటీకి ముందురోజు సాయంత్రం నువ్వు మూడోసారి సౌనాలోకి వెళ్ళినప్పుడు తలుపు కొట్టి బయటికి రమ్మన్నాను. "ఇంకొక్క కేజీ మమ్మూ, ఒక్క కేజీకి నాలుగు మార్కులు" అన్నావు లోపలి నుంచి. లెక్క సరైనదే. ఒళ్ళు ఎంత తేలికైతే పట్టికలో గుణకం అంత పెద్దది. ఎత్తిన మొత్తాన్ని ఆ గుణకంతో గుణిస్తేనే కదా మార్కులు. యాభై ఎనిమిది కేజీల పిల్లకూ యాభై ఏడు కేజీల పిల్లకూ ఆ తేడా ఉంటుంది, ఇద్దరూ ఒకే ఇనుము ఎత్తగలిగితే.

మర్నాడు పొద్దున నిన్ను నేనే తూచాను. తలుపు వేశాం, నువ్వు కాటా ఎక్కావు, నేను అంకె చదివాను, నువ్వు సంతకం పెట్టావు. మన హాలులో మొదటి నుంచీ అదే నియమం. కాటా ఎక్కినవాళ్ళు అంకె చదవకూడదు, చదివేవాళ్ళు కాటా ఎక్కకూడదు. ఎవరి బరువు వాళ్ళు చదువుకుంటే ఎక్కడో ఒకచోట కన్ను మొహమాటపడుతుందని మీ తాత అనేవాడు. సరిగ్గా యాభై ఏడు. నీ పెదాలు పగిలి ఉన్నాయి. నేను చూశాను, చూసి అంకె రాసుకున్నాను. ఆ గదిలో నేను నాయనమ్మను కాదు, తూచే మనిషిని.

నేల మీది నుంచి ఎత్తే చివరి డెడ్‌లిఫ్ట్ నీ మోకాళ్ళ దాకా వచ్చి ఆగిపోయింది. అదే బరువును వారం ముందు మన షెడ్డులో రెండుసార్లు లేపావు. అది లేచి ఉంటే మూడు ఎత్తులూ కలిపి నీ మొత్తం 335 కేజీలు. లేవలేదు గనుక 330. సౌనాకు పోకుండా యాభై ఎనిమిది కేజీల ఒంటితోనే వచ్చి ఆ 335 ఎత్తి ఉంటే నీకు 379.5 మార్కులు వచ్చేవి. గెలిచిన బెర్నడీన్‌కు వచ్చినవి 378.9. నీకు వచ్చినవి 378.1. సౌనాలో ఒక కేజీ నీళ్ళు కార్చి, వేదిక మీద ఐదు కేజీల ఇనుము వదులుకున్నావు. ఇది ఎత్తిపొడుపు కాదు. ఈ మాట చెప్పేవాళ్ళు నీకు అక్కడ ఉండరని రాస్తున్నాను.

పట్టిక సంగతి. ఈ ఏడాది జనవరిలో హాలు కమిటీ ముందు పాత పట్టిక తీసేసి కొత్తది పెట్టమన్నది నేనే. అప్పటికి నీ పేరు పోటీలో లేదు, బెర్నడీన్ పేరూ లేదు. మన హాలులో ఇన్నేళ్ళుగా వచ్చిన ఫలితాలన్నీ రెండు పట్టికలతోనూ వేసి చూశాను. పాతదానిలో బరువైన ఆడవాళ్ళు ఎంత ఎత్తినా, ఏటా గెలిచినవాళ్ళకిచ్చే రాగి గడ్డ దరిదాపుకు రాలేకపోయారు. ఒక్కళ్ళూ రాలేదంటే తప్పు వాళ్ళ బలంలో ఉందనుకోవాలా, కొలతలో ఉందనుకోవాలా? కొలతలోనే అని నాకు తోచింది. తోచాక ఊరుకోలేను.

మార్కులు చదివాక నువ్వు నేను లెక్కలు వేసే బల్ల దగ్గరికి వచ్చి, పాత పట్టికతో అయితే ఎంత అని అడిగావు. అడిగావు గనుక చెప్పాను, నీకు 382.9, బెర్నడీన్‌కు 367.2.

"అంటే తాత పట్టికలో నేనే గెలిచాను."

"ఈ ఏడాది పట్టిక అది కాదు."

"మార్చిందెవరు?"

"నేనే."

అప్పుడు నువ్వన్న మాట హాలులో వెనక వరసదాకా వినిపించింది. "నీకు మనుమరాలు లేదు మమ్మూ. ఒక బరువుంది, ఒక మొత్తముంది, మధ్యలో గుణకారం గుర్తుంది."

తొమ్మిదేళ్ళప్పుడు మీ తాత ఒడిలో కూర్చుని, ఆ రాగి గడ్డను ఎప్పటికైనా మన వంటింటి కిటికీలోకి తెస్తానన్నావు. బంగాళాదుంపల చేలో ఆయన తవ్వి తీసిన గడ్డ. తన పేరు చెక్కించి పోటీకి ఇచ్చేశాడే గానీ, ఒక్క ఏడాదీ మన కిటికీలో పెట్టుకోలేదు. నువ్వు తెస్తానన్నది నేను మరిచిపోలేదు. బల్ల దగ్గర కూర్చుని రెండోసారి గుణించేటప్పుడు అదే గుర్తొచ్చింది. గుర్తొచ్చిందని మూడోసారి కూడా గుణించాను. అంకె మారలేదు.

ఇంతే నా లెక్క. చలి కోటు ఇక్కడే మరిచిపోయావు. చిరునామా సరైనదైతే పంపుతాను.

ఆశీస్సులతో,
నీ నాయనమ్మ
ఐలీ కోస్కెలా


హాంకాక్
2025 జనవరి 18, శనివారం

చిరంజీవి హెల్మికి నాయనమ్మ ఆశీస్సులు.

ఇక్కడ నేను కుశలం. నీ కుశలం కోరుతున్నాను. వెనకటి ఉత్తరం తిరిగి రాలేదు గనుక అందిందని రాసుకున్నాను. కోటు పంపిన పెట్టె కూడా తిరిగి రాలేదు.

క్రిస్మస్‌కు అలవాటు చొప్పున నిసు రొట్టె కాల్చాను. ఏలకులు దంచుతుంటే ఇల్లంతా వాసన నిండింది, పండగ వచ్చిందనిపించింది. తీరా పొయ్యి నుంచి తీశాక జడలాగా అల్లిన అంత రొట్టె బల్ల మీద ఒక్కటే కూర్చుని ఉంది, దాని ఎదురుగా నేను. ఒక ముక్క కోసుకున్నాను. మిగతాది పక్షులకు వేశాను. డీప్ ఫ్రీజరులో నువ్వున్నప్పుడు కొన్న లేడి మాంసం పొట్లాలు ఇంకా అలాగే ఉన్నాయి. నీ వాటా నీకుంది.

ఇంటి కప్పు మీద మంచు ఈ ఏడాది తొందరగా పేరుకుంది. నన్ను నిచ్చెన ఎక్కనివ్వకుండా బెర్నడీనే వచ్చి తోసి పడేసింది. ఆవిడ నాకు పాత విద్యార్థి అని నీకు తెలుసు. పదో తరగతి బీజగణితం నా దగ్గర రెండేళ్ళు చదివింది, మొదటి ఏడాది నేను తప్పించాను గనుక.

పని అయ్యాక లోపలికి పిలిచి కాఫీ ఇచ్చాను. బూట్ల మంచు కరిగేదాకా కబుర్లాడి, వెంట తెచ్చిన సంచిలో నుంచి రాగి గడ్డ తీసి బల్ల మీద పెట్టింది. నిసు రొట్టె కాల్చిన రోజు గుర్తొచ్చింది నాకు, సైజు కూడా అంతే.

"తీసుకోండి టీచర్. మా కిటికీలో ఇది కనబడుతుంటే నాకు కాఫీ దిగట్లేదు. పిల్లకి పంపించేయండి."

"గెలిచింది నువ్వు."

"గెలిచాను లెండి, ముప్పావు మార్కుతో."

"ముప్పావు మార్కు మార్కే."

"తెలుసండీ బాబూ. నన్ను బీజగణితంలో తప్పించింది కూడా ముప్పావు మార్కుతోనేగా. అప్పుడు మా అమ్మ వచ్చి ఏడిస్తే పోనీలే అనలేదు మీరు."

"ఇప్పుడూ అనను."

నవ్వింది. ఆ నవ్వుకు బల్ల మీది చెంచాలు కదిలాయి. తర్వాత నెమ్మదిగా, వాళ్ళ నాన్న అడుగుతున్నాడని చెప్పి తన సందేహమే అడిగింది. తను తొంభై కేజీల మనిషి, నీకంటే తొంభై అయిదు కేజీలు ఎక్కువ ఎత్తింది. అయినా ఇద్దరూ ఇంచుమించు సమానమని బోర్డు మీద రాస్తే వాళ్ళ నాన్న ఇప్పటికీ నమ్మడట. పోనీ ఎత్తినదాన్ని ఒంటి బరువుతో భాగించేస్తే సరిపోదా, చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది అంది. అలా భాగిస్తే లోకంలో చీమను మించిన బలశాలి లేదని చెప్పాను. ఒళ్ళు పెరిగినంత వేగంగా బలం పెరగదు, అందుకని వట్టి భాగాహారం ఎప్పుడూ చిన్న ఒంటి పక్షమే మాట్లాడుతుంది. ఉన్న మొత్తాన్ని చూస్తే పెద్ద ఒంటి పక్షం. ఈ రెండింటి మధ్య, వేలమంది నిజంగా ఎత్తినదాన్ని చూసి గీసిన గీత పట్టిక. అది సత్యం కాదు, మనకు చేతనైనంత న్యాయం.

"అయితే గడ్డ చీమకిచ్చేద్దాం టీచర్, మీ ఇద్దరి గొడవా తీరుతుంది" అంది బెర్నడీన్.

గొడవ గడ్డ కోసం కాదన్నాను. మరి దేనికోసం అని అడగలేదు. ఆ మనిషిలో ఆ మర్యాద ఉంది.

పోయేటప్పుడు తనతో తెచ్చిన పాస్టీలు రెండు నాకిచ్చి, వేడిగా ఉండగానే తినమంది. తిన్నానని చెప్పి ఫ్రీజరులో పెట్టాను. దుంపలూ మాంసమూ కూరిన ఆ రొట్టె ఒకటి తింటే గనిలో దిగే మనిషికి సాయంత్రందాకా ఆకలి వేయదు. గనిలోకి దిగే పని నాకేముంది? గడప దగ్గర వీడ్కోలు చెప్పడానికి నా పాత ఉన్ని కోటు వేసుకుని నిలబడితే ఆవిడ ఎగాదిగా చూసి, "టీచర్, ఆ కోటులో ఇంకో టీచర్ పడుతుంది" అని వెక్కిరించింది. పాత కోటు గనుక సాగిందన్నాను.

గడ్డ మళ్ళీ తనే పట్టుకుపోయింది.

ఇవాళ షెడ్డులో యాభై కేజీలు, మూడుసార్లు. మార్కులు 59.4. మళ్ళీ పెరిగాయి.

ఆశీస్సులతో,
నీ నాయనమ్మ


హాంకాక్
2025 మార్చి 22, శనివారం

కుమారి హెల్మి కోస్కెలాకు,

ఇది హాలు కమిటీ కార్యదర్శిగా రాస్తున్న ఉత్తరం. అందుకని దీవెనలు చివర రాస్తాను. ఇక్కడ అందరూ, నేను సహా, కుశలం.

ఈ ఏటి పోటీ ఏప్రిల్ 12, శనివారం. ఆడవాళ్ళను తూచే పని ఎప్పటిలాగే నాది కావలసింది. ఈసారి ఒక చిక్కు వచ్చింది. డెబ్బై దాటిన ఆడవాళ్ళ విభాగం అచ్చు వేయడమే గానీ, అందులో ఎవరూ పేరు ఇవ్వరు. ఆ ఖాళీ గడి ఈసారి ఖాళీగా ఉండకూడదని బెర్నడీన్ పట్టుబట్టింది. కమిటీలో ఆవిడ కూడా ఉంది ఇప్పుడు. "ఇంతకాలం కూర్చుని అందరికీ మార్కులు వేశారు టీచర్, ఒకసారి లేచి నిలబడండి, మేం వేస్తాం" అంది అందరి ముందూ. వయసుకు వేరే గుణకం కలుపుతారు, అది నాకు ఇష్టం లేదని చెప్పాను. ముసలితనానికి మార్కులు వేయడం ఏమిటి? కలపనక్కర్లేదు, ఉత్త డెడ్‌లిఫ్ట్ ఒక్కటే ఎత్తండి అన్నారు. ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నానో నాకే సరిగ్గా తెలియదు. హాలులో జనం మధ్య నిలబడి చాలా రోజులైంది, అదే కావచ్చు.

నేను ఎత్తుతున్నాను గనుక నేను తూచకూడదు. నియమం నీకు తెలుసు. ఆడవాళ్ళను తూచడానికి అనుమతి కార్డు ఉన్న ఆడవాళ్ళు మన కౌంటీ నుంచి ఇద్దరే, ఒకరు నేను, రెండో కార్డు నీది. పద్దెనిమిదేళ్ళకే పరీక్ష రాసి తెచ్చుకున్నావు. ఒక ప్రశ్న తప్పు రాశావని నేనారోజు ఐస్‌క్రీం కొనివ్వలేదు కూడా. నీ కార్డు వచ్చే ఏడాది చివరిదాకా చెల్లుతుంది, విచారించాను.

కనుక కమిటీ నిన్ను కోరుతోంది. ఏప్రిల్ 12 పొద్దున ఏడు గంటలకు హాలు వెనక గదిలో కాటా దగ్గర ఉండగలవా? రాలేకపోతే రాలేనని రాస్తే చాలు. గ్రీన్ బే నుంచి ఒకామె వస్తానంది. మంచి మనిషి, జాగ్రత్తగా చదువుతుందని చెప్పారు.

నువ్వు పోటీలో దిగాలని అడగడం లేదు. మిల్వాకీలో ఇప్పుడు ఎత్తుతున్నావో మానేశావో నాకు తెలియదు, అదీ అడగను. బల్ల దగ్గర లెక్కలు వేసేది ఈసారి బెర్నడీన్. అవును, బీజగణితం తప్పిన బెర్నడీనే. నెల రోజులుగా మన వంటింటి బల్ల దగ్గర గుణకారాలు చేయిస్తున్నాను. పట్టికలో వరస తప్పి చదువుతుంది, తానే పట్టుకుని తానే తిట్టుకుంటుంది. వారానికి ఒకసారి ఇంట్లో ఇంకొకరి గొంతు వినిపిస్తోంది, తిట్లయినా సరే.

ఇవాళ యాభై కేజీలు ఒక్కసారి లేచింది. మార్కులు 60.9. ఎన్నడూ లేనంత.

కమిటీ పని ఇంతటితో అయింది. ఇక దీవెనలు. చలి ఇంకా పోలేదు, కోటు వేసుకో.

నీ నాయనమ్మ
ఐలీ కోస్కెలా
కార్యదర్శి

తా.క. కవరు అంటించి, మళ్ళీ కెటిల్ ఆవిరి పట్టి విప్పాను.

మూడు ఉత్తరాల్లోనూ కుశలమని రాశాను. సరిచూడకుండా రాసిన మాట అది. మూడింటిలోనూ మార్కులు రాశాను, నా ఒంటి బరువు రాయలేదు. పట్టిక నీకు కంఠతా వచ్చు. యాభై కేజీలు ఎత్తిన మనిషికి అన్ని మార్కులు రావాలంటే ఎంత తూగాలో వెనక్కి లెక్కగడతావనీ, కట్టి ఫోను చేస్తావనీ అనుకున్నాను. నువ్వు కట్టలేదో, కట్టి కూడా చేయలేదో నాకు తెలియదు. అందుకని నేనే రాస్తున్నాను.

నువ్వు వెళ్ళిన ఏప్రిల్‌లో అరవై ఒకటి. నవంబరులో యాభై ఏడు. జనవరిలో యాభై నాలుగు. ఇవాళ పొద్దున సౌనా గడపలో ఉన్న కాటా మీద యాభై రెండు. ఎత్తిన ఇనుము ఎప్పుడూ యాభయ్యే. పట్టిక దృష్టిలో నేను ఆరు మార్కులు బలపడ్డాను. నిజానికి ఈమధ్య సౌనాకు నీళ్ళ బాల్టీ సగం నింపి రెండు విడతలుగా మోస్తున్నాను.

జబ్బు కాదు, భయపడకు. డాక్టరు రక్తం తీసి, ఫొటోలు తీసి, లోపల ఏ లోపమూ లేదన్నాడు. ఏం తింటున్నారని అడిగాడు. ఏముంది చెప్పడానికి? ఒక్కదాని కోసం వండుకోబుద్ధి కాలేదు. పొద్దున కాఫీ, సాయంత్రం మరో కాఫీ, మధ్యలో బల్ల తుడవడం. నీళ్ళు కార్చి మార్కులు పెంచుకున్నావని నీకు అంత లెక్క రాశాను. నేను పెంచుకున్నది ఎలాగో ఇప్పుడు తెలిసిందిగా. ఇలాగే పోతే బెర్నడీన్ చీమను నేనే ఓడిస్తాను.

ఏడాదిగా ఈ ఇంట్లో నా అంకె నేనే చదువుకుంటున్నాను. అది నియమానికి విరుద్ధం. మీ తాత చెప్పింది నిజమే, కన్ను మొహమాటపడుతుంది. ప్రతి శనివారం చూస్తూనే, పోనీలే అనుకుంటూ వచ్చాను, ఎవరికీ ఎన్నడూ అనని దాన్ని.

గ్రీన్ బే ఆమె అంకె సరిగ్గానే చదువుతుంది. యాభై రెండు అని రాసుకుని, తర్వాతి మనిషిని పిలుస్తుంది. నిరుడు నేనెంత తూగానో ఆమెకు తెలియదు. నీకు తెలుసు.

రా. గదిలో మనిద్దరమే ఉంటాం, తలుపు వేసి ఉంటుంది. కాటా నేను ఎక్కుతాను, అంకె నువ్వు చదువు. రాయవలసిన చోట రాసి, నా సంతకం తీసుకో. ఆ తర్వాత నన్ను ఎంత తిట్టాలనుకుంటే అంత తిట్టు.